బోటుకి హైడ్రాలిక్ సిస్టమ్: మూడు కొటేషన్లు, ఒక మజ్జిగ సీసా

నమస్కారం. వెనకాల సుత్తి చప్పుడుకి ఏమీ అనుకోకండి, చెన్నై కాసిమేడు ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఈ తీరంలో వేట నిషేధం. మర బోట్లకి రిపేర్లు చేసుకోవాలన్నా, కొత్త సామాను బిగించాలన్నా ఇదే టైము. చెన్నైలో కూర్చుని తెలుగులో వీడియో ఏమిటి అంటారా? ఈ జెట్టీ మీద కాసేపు నిలబడండి, శ్రీకాకుళం మాట చెవిన పడకపోతే అప్పుడు అడగండి.

ఈ వీడియో కూడా ఆ మాటతోనే మొదలైంది. మా వైపు నుంచి వచ్చి ఇక్కడ బోటు ఓనరైన ఒకాయన ఉన్నారు, నేను మావయ్యా అని పిలుస్తాను. వల తాడు లాగే పాత మెకానికల్ వించ్ తీసేసి, ఆయిల్ ఒత్తిడితో తిరిగే హైడ్రాలిక్ వించ్ పెట్టుకుందామని మూడు కొటేషన్లు పట్టుకొచ్చారు. "బాబూ, ఇందులో ఎక్కువ బార్లు దేనికున్నాయో చెప్పు, అదే కొనేద్దాం" అన్నారు. ఆ మూడు కాయితాలే ఇవాళ్టి రివ్యూ. కంపెనీల పేర్లు చెప్పను, ఎందుకంటే తేడా పేరులో లేదు, రకంలో ఉంది.

ముందు ఈ బార్ల సంగతి. బార్ అంటే ఒత్తిడి, అంటే వించ్ ఎంత బరువు లాగుతుందనే లెక్క. ఎంత వేగంగా లాగుతుందనేది నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ వెళ్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. బార్‌ని లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. మావయ్యకి 2 టన్నుల లాగుడు, నిమిషానికి 30 మీటర్ల తాడు కావాలి. తాడు దగ్గరే 10 కిలోవాట్లు అయింది. మోటారు, గేర్‌బాక్స్ తినేది కలుపుకుంటే 12 పైచిలుకు. 140 బార్ సిస్టమ్ అయితే దీనికి నిమిషానికి 53 లీటర్లు కావాలి, 210 బార్ అయితే 35 చాలు. పని మాత్రం ఒకటే. బార్లు పెరిగితే పైపులు సన్నబడతాయి, ట్యాంకు చిన్నదవుతుంది. దానికి బదులుగా హోసులు, సీళ్లు, ఫిట్టింగులు అన్నీ ఎక్కువ దెబ్బ తింటాయి.

మొదటి కొటేషన్ గేర్ పంపు, 140 బార్. రెండోది వేన్ పంపు, చప్పుడు తక్కువ. ఇంజిన్ రొదలో పంపు చప్పుడు ఎవరికి వినపడుతుంది? దాన్ని పక్కన పెట్టేశాం. మూడోది పిస్టన్ పంపు, లోడ్ సెన్సింగ్‌తో, 250 బార్. నిజం చెప్పాలంటే ఇంజినీరుగా నాకు నచ్చింది ఇదే. ఎంత ఆయిల్ అవసరమో అంతే పంపిస్తుంది, అందుకని వేడీ తక్కువ, డీజిలూ మిగులుతుంది. కానీ ఆయిల్‌లో నలుసు పడితే అసలు ఓర్చుకోదు. మనిషి పెట్టి ఫిల్టర్లు చూసుకునే పెద్ద ఓడల్లో అది రాజు. ఈ బోటులో సరంగు, కళాసీలు, ఐసు, చేపలు. గేర్ పంపు కాస్త మురికినైనా భరిస్తుంది. పోయినా ఇక్కడి ప్యారీస్ కార్నర్ బజారు వెనక సందుల్లో అదే సైజు దొరుకుతుంది, మార్చడానికి స్పానర్ తెలిసిన కుర్రాడు చాలు. నా ఓటు గేర్ పంపుకే.

అయినా ఆ కొటేషన్ మీద కూడా వెంటనే సంతకం పెట్టనివ్వలేదు. 53 లీటర్లు అని రాసిన చోట పక్కనే చిన్న అక్షరాల్లో 1500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1500 చుట్లు, అని ఉంది. పంపు తిరిగేది బోటు ఇంజిన్ మీద. వల ఎత్తేటప్పుడు మావయ్య సరంగు పంపుని తిప్పేది 900 దగ్గర. అక్కడ వచ్చేది 32 లీటర్లే. నిమిషానికి 30 మీటర్లు అనుకున్న తాడు 18 దగ్గర ఆగిపోతుంది. పెద్ద పంపు వేయించి, కొటేషన్ తిరగరాయించాం. మీరు దేని గురించి అడిగినా అడగకపోయినా, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర అన్నది మాత్రం అడగండి.

ఇంత ఖర్చు ఎందుకు, మెకానికల్ వించే బాగుంది కదా అంటారా? వల సముద్రం అడుగున రాయికి పట్టేసిందనుకోండి. మెకానికల్ వించ్ లాగుతూనే ఉంటుంది, తాడు తెగి కొరడాలా డెక్ మీదికి వస్తుంది. హైడ్రాలిక్‌లో రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని వించ్ నిలబడిపోతుంది. మనుషులు బతుకుతారు. అందుకే లాగుడు చాలట్లేదని ఎవరైనా ఆ వాల్వ్ స్క్రూ బిగించబోతే చేతి మీద కొట్టండి. సెట్ చేశాక సీలు వేయించేయడం ఇంకా మంచిది.

ఇప్పుడు ఈ సీసా చూడండి. మజ్జిగ కాదు, పక్క బోటు ట్యాంకులోంచి తీసిన హైడ్రాలిక్ ఆయిల్. నీళ్లు కలిస్తే ఇలా పాలరంగు తేలుతుంది. నీళ్లు ఎక్కడివి? చాలాసార్లు ట్యాంకు మీది బ్రీదర్, అంటే గాలి ఆడే మూత, నుంచే. ఆయిల్ కిందికి దిగినప్పుడల్లా ట్యాంకు గాలి పీలుస్తుంది, సముద్రం మీద గాలంటే తేమ, ఉప్పు. తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న బ్రీదర్ పెట్టండి, రంగు మారగానే మార్చండి. పంపు మీద పెట్టే ఖర్చులో ఇది ఒక మూల కూడా కాదు. ట్యాంకు 150 లీటర్లకి తగ్గనివ్వకండి, అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉండాలి. చెన్నై ఎండకి వీజీ 68 చిక్కదనం ఉన్న ఆయిల్ వేస్తున్నాం. ట్యాంకు వేడి 60, 65 డిగ్రీలు దాటుతుంటే ఆయిల్‌కి, సీళ్లకి ఆయుష్షు తగ్గిపోతుంది, కూలర్ పెట్టాల్సిందే.

పైపుల్లో నేను స్వయంగా మోసపోయాను. ఉప్పునీటిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని డబ్బు తీసుకుని ఒక షాపువాళ్లు అంత తట్టుకోలేని 304 ఇచ్చారు. పైకి రెండూ తళతళలాడేవే. సీజను తిరగకుండా క్లాంపు కింద, ఉప్పునీరు నిలిచే చోట, సూదిమొనంత చిల్లు పడింది. అప్పటినుంచి పైపుతో పాటు టెస్ట్ సర్టిఫికెట్ అడుగుతాను, క్లాంపులు ఏడాదికోసారి విప్పి చూస్తాను. ఒక మాట, లీకు ఎక్కడుందో వేలితో తడమకండి. ఒత్తిడిలో ఉన్న సన్నని ధార చర్మంలోకి దూరిపోతుంది.

చివరగా స్టీరింగ్. వించ్ పంపులోంచే స్టీరింగ్‌కి కూడా లైను ఇచ్చేస్తే చవక అని కొటేషన్‌లో ఉంది. వద్దన్నాను. 1978 మార్చిలో ఫ్రాన్స్ తీరం దగ్గర అమోకో కాడిజ్ అనే ట్యాంకర్‌కి స్టీరింగ్ గేర్‌లో హైడ్రాలిక్ ఆయిల్ కారిపోయి చుక్కాని పట్టు తప్పింది. ఓడ రాళ్లకి కొట్టుకుని రెండు లక్షల టన్నులకి పైగా ముడి చమురు సముద్రంపాలైంది. ఆ తర్వాతే పెద్ద ఓడల స్టీరింగ్ నియమాలు బిగిశాయి. వాటిలో నిండు లోడుతో, పూర్తి వేగంలో, చుక్కాని ఒకవైపు 35 డిగ్రీల నుంచి రెండోవైపు 30 డిగ్రీలకి 28 సెకన్లలోపు తిరగాలి. ఇలాంటి చిన్న చేపల బోట్లకి ఆ నియమం వర్తించదు, కానీ అలకి ఆ తేడా తెలీదు కదా. స్టీరింగ్‌కి వేరే పంపు, వేరే ట్యాంకు. దాంతోపాటు బైపాస్ వాల్వ్ తిప్పి చేత్తో చుక్కాని తిప్పుకోవడానికి ఒక ఇనప టిల్లర్, డెక్ మీద కనపడేచోట. మావయ్య దీనికి మాత్రం బేరం ఆడలేదు.

జూన్ 15న బోటు నీళ్లలోకి దిగుతుంది. నెల తిరిగాక ట్యాంకులోంచి ఇలాంటి సీసాలోకే ఆయిల్ తీసి మీ ముందు పెడతాను.