ఫోన్-ఇన్: పాత నాణెం మీది మట్టిని దేనితో తీయాలి?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు మీ సందేహాలకు జవాబులివ్వడానికి లోహపు పురావస్తువుల సంరక్షకురాలు మనతో ఉన్నారు. మొదటి ఫోను తీసుకుందాం. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నా దగ్గర పాతకాలపు రాగి నాణెం ఒకటి ఉంది. మట్టి గట్టిగా పట్టేసి అక్షరాలు కనిపించడం లేదు. ఇత్తడి తీగల బ్రష్ మెత్తగానే ఉంటుంది, వాడవచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా మేడమ్?

నిపుణురాలు: వద్దండీ, దాని జోలికి వెళ్ళకండి. ఇత్తడి రాగి కంటే గట్టిది. పైగా ఇన్ని శతాబ్దాలూ ఆ నాణెం నిలిచిందంటే దాని మీది పలుచని పొర వల్లే. ఎర్రగానో ముదురు ఆకుపచ్చగానో ఉంటుంది. దాన్ని మురికి అనుకుంటారు. అక్షరాల అంచులు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. అది రాలిపోతే ఇక ఎవరూ తిరిగి తేలేరు.

శ్రోత: మరి మట్టి ఎలా పోతుంది?

నిపుణురాలు: ముందు నానబెట్టండి. కుళాయి నీరు కాదు, డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీటిలోని క్లోరైడ్లు, అంటే ఉప్పులాంటి లవణాలు, రాగికి శత్రువులు. నీరు మురికి తేలినప్పుడల్లా మార్చండి. రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు. మట్టి మెత్తబడ్డాక వెదురు పుల్లను సన్నగా చెక్కి గానీ, గులాబీ ముల్లుతో గానీ మొదలుపెట్టండి.

శ్రోత: ముల్లు విరిగిపోదాండీ?

నిపుణురాలు: విరగనివ్వండి! నాణేనికి గీత పడేకంటే ముల్లు విరగడమే మేలు. విరిగితే ఇంకొకటి తీసుకుంటారు. ముల్లును నిటారుగా గుచ్చకుండా ఏటవాలుగా పట్టుకోండి. భూతద్దం కింద, అక్షరం పక్కన అంటుకున్న ఒక్క రేణువు అంచు కిందికి మొనను పోనిచ్చి పైకి లేపండి. వెంటనే మొనను తడిగుడ్డకు తుడవండి. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం, ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ స్కేలు మీద 7, రాగిది 3 మాత్రమే. మొనకు ఒక్క ఇసుక రేణువు అంటుకుని ఉన్నా అదే గీత పెడుతుంది. మెత్తని కుంచెతోనూ అదే ప్రమాదం. రుద్దకూడదు, తేలిగ్గా తాకిస్తూ మట్టిని బయటికి నెట్టాలి.

శ్రోత: ఉక్కు సూది?

నిపుణురాలు: సూక్ష్మదర్శిని కింద, చేయి తిరిగిన వాళ్ళు వాడతారు. మీరు వాడకండి.

వ్యాఖ్యాత: రెండో ఫోను. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. వెండి నాణేలకు టూత్‌పేస్టు, నిమ్మరసం వాడవచ్చా?

నిపుణురాలు: రెండూ వద్దమ్మా. పేస్టులో అరగదీసే పొడి ఉంటుంది. నిమ్మరసంలోని ఆమ్లం, నాణెంలో కలిసిన రాగిని తినేస్తుంది. పాత వెండి పెళుసుబారి ఉండవచ్చు, వేళ్లతో వంచి చూడకండి.

శ్రోత: ఇంకొక సందేహమండీ. నానబెట్టి ఆరబెట్టిన ఒక కంచు నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి వస్తోంది. పుల్లతో గీకితే పోతోంది, మళ్ళీ వస్తోంది.

నిపుణురాలు: గీకడం ఇప్పుడే ఆపేయండమ్మా. అది మట్టి కాదు, కంచుకు పట్టే జబ్బు. లోపలి క్లోరైడ్లు గాలిలోని తేమతో, ఆక్సిజన్‌తో కలిసి లోహాన్ని తినేస్తున్నాయి. ఎంత మెత్తని పుల్ల అయినా అక్కడ పనికిరాదు. నాణేన్ని పూర్తిగా ఆరబెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో విడిగా ఉంచండి. ఆలస్యం చేయకుండా లోహ సంరక్షణ తెలిసినవారికి చూపించండి.