తారు కంటే ముందు కాలువ బాగుపడాలి, ఎందుకు?

రోడ్డుకు గుంత పడిన ప్రతిసారీ "తారు నాసిరకం" అనే మాట వినిపిస్తుంది. కొన్నిచోట్ల అది నిజమే. అయితే పక్కనున్న కాలువ పూడిపోయి, నీరు రోజుల తరబడి రోడ్డు అంచునే నిలిచి ఉంటే ఎంత మేలైన తారైనా నిలవదన్న సంగతిని ఎవరూ పట్టించుకోకపోవడం నన్ను నిజంగా బాధిస్తోంది.

రోడ్డును ఇంటి పైకప్పు అనుకోండి. వాహనాల బరువును చివరికి మోసేది అడుగునున్న మట్టి. పైనున్న కంకర, తారు ఆ బరువును వెడల్పుగా పంచుతూ మట్టిని తడవనివ్వకుండా కాపాడతాయి. అడుగు మట్టి పొడిగా ఉన్నంతకాలం బరువు మోస్తుందని స్కాట్లాండ్ ఇంజనీరు జాన్ లౌడన్ మెకాడమ్ 19వ శతాబ్దం ఆరంభంలోనే వాదించారు.

తెరపై ఉన్న ఈ గుంతను దగ్గరగా చూడండి. అంచున ఊడివచ్చిన కంకర రాయి మీద తారు పూత లేదు, ఎందుకంటే రాయికీ తారుకూ మధ్య దూరిన నీరు వాటి పట్టును విడదీసింది. చుట్టూ వలలా అల్లుకున్న పగుళ్ల పక్కన బురద మరకలు కనిపిస్తున్నాయి కదా? చక్రం ఎక్కిన ప్రతిసారీ లోపలి నీరు ఒత్తిడికి పైకి చిమ్ముతూ సన్నని మట్టిని వెంట తెస్తుంది, అలా అడుగు క్రమంగా డొల్లబారి ఒకరోజు కప్పు కూలుతుంది. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయిలో జరిపిన రోడ్డు పరీక్షల ఫలితాల ప్రకారం, ఇరుసు మీద బరువు రెట్టింపైతే నష్టం దాదాపు 16 రెట్లు పెరుగుతుంది. అడుగు తడిసి మెత్తబడిన రోడ్డు అలాంటి లారీలను ఎలా తట్టుకుంటుంది?

కప్పుకు వాలు, చూరు ఎంత అవసరమో రోడ్డుకూ అంతే అవసరం. తారు రోడ్డుకు మీటరు వెడల్పుకు సుమారు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాలు ఇస్తారు. ఆ వాలు వెంట దిగిన నీటిని అందుకునే చూరుకాలువే పక్కనున్న మురుగు కాలువ. దాని నోరు చెత్తతో మూసుకుపోతే నీరు వెనక్కి తిరిగి కప్పులోకే ఇంకుతుంది. భూగర్భ మురుగు పైపు అతుకు విడిపోతే పరిస్థితి ఇంకా ప్రమాదకరం. చుట్టుపక్కల మట్టి పైపులోకి జారిపోయి, చూడటానికి చక్కగా ఉన్న రోడ్డే హఠాత్తుగా కుంగిపోతుంది.

సమయం తక్కువగా ఉంది కనుక మరమ్మతు క్రమాన్ని క్లుప్తంగా చెబుతాను. వానలకు ముందే పూడిక తీయాలి, తీసిన పూడికను గట్టున వదలకుండా అప్పుడే తరలించాలి, లేకపోతే తొలివానకే అది తిరిగి కాలువలో చేరుతుంది. పగుళ్లను చిన్నవిగా ఉన్నప్పుడే పూడ్చాలి. గుంతను గట్టి అంచు దొరికేదాకా నిలువుగా కోసి, తడి మట్టి తొలగించి, ఆరబెట్టి, అంచులకు తారు పూసి, పొరలు పొరలుగా నింపి రోలర్‌తో గట్టిపరచాలి. నీళ్లున్న గుంతలో మిశ్రమం కుమ్మరించడం ప్రజాధనాన్ని వృథా చేయడమే. కొత్త పొర వేసే ముందు పాతదాన్ని చెక్కి తీయడం కూడా ముఖ్యం, ఎందుకంటే పొర మీద పొర వేస్తూ పోతే రోడ్డు ఇళ్ల గడపల కంటే ఎత్తుకు చేరి, ఆ రోడ్డు కప్పు మీది వాన నీరంతా ఇళ్లలోకే దిగుతుంది.