విప్పి కట్టుకునే గుడారం

ప్రియ సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

జీవితంలో కాలాలు మారుతున్నప్పుడు విశ్వాసి తన ఇంటిని, పనిని, ప్రార్థనను ఎలా సర్దుకోవాలన్నది ఈరోజు నాకిచ్చిన అంశం. ఈ మాట వినగానే మీలో చాలామందికి బైబిల్లో ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం గుర్తొచ్చి ఉంటుంది. "ప్రతిదానికి సమయము కలదు" అని మొదలై పుట్టడం, చావడం, నాటడం, పెరికివేయడం అంటూ 14 జతలు, మొత్తం 28 పనులు వరుసగా చెప్పే అధ్యాయం అది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మనం చదువుతూ చదువుతూ గబగబా పేజీలు తిప్పేసే పుస్తకం ఒకటుంది, సంఖ్యాకాండము. అది తీయండి.

ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఉన్నారు. అప్పటికి వాళ్లకు దేవుని మందిరం అంటే గుడారం. దాని మీద నిలిచి దారి చూపే మేఘం లేస్తే విప్పాలి, మేఘం ఆగిన చోట మళ్లీ వేయాలి. తొమ్మిదో అధ్యాయం చివరి వచనాలు చూడండి. మేఘం కొన్నిసార్లు సాయంత్రం దిగి, తెల్లారేసరికి లేచిపోయేది. ఒక్కోచోట రెండు రోజులుండేది, ఒక్కోచోట నెల, ఒక్కోచోట ఏడాది. ఇక్కడ ఇన్నాళ్లుంటామని ముందుగా ఎవరికీ చెప్పలేదు. మన బతుకులు కూడా అలాగే ఉన్నాయి కదా! చదువు, పెళ్లి, పసిబిడ్డలు, బదిలీలు, అమ్మానాన్నల అనారోగ్యం, పిల్లలు వెళ్లిపోయాక బోసిపోయిన ఇల్లు. ఏ మజిలీలో ఎన్నాళ్లుంటామో మనకూ తెలియదు.

నా సంగతి చెబుతాను. పెళ్లికి ముందు నాకు తెల్లవారుజామున గంటసేపు ప్రార్థన అలవాటు. ఎవరూ లేపక్కర్లేదు, మెలకువ దానంతటదే వచ్చేది. మొదటి బిడ్డ పుట్టాక ఆ గంట పోయింది. రాత్రంతా మేలుకుని, తెల్లవారుజామున కన్ను మూతపడేది. అలారం పెట్టేదాన్ని, ఆపేసేదాన్ని, లేచాక ఏడ్చేదాన్ని. దేవుడికి దూరమైపోయానని దాదాపు రెండేళ్లు లోపల కుమిలిపోయాను. చివరికి మా సంఘంలో ఒక పెద్దావిడతో చెప్పుకున్నాను. ఆవిడ అంతా విని, "అమ్మా, మేఘం లేచి వెళ్లిపోయింది. నువ్వింకా పాత చోటే మేకులు కొడుతున్నావు" అన్నారు.

అప్పుడు నాకొక పని చెప్పారు. బిడ్డను భుజాన వేసుకుని జోకొడుతూ, వారమంతా ఒకే కీర్తన పలుకుతూ ఉండమన్నారు. నేను 121వ కీర్తన పట్టుకున్నాను. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అన్న మాట రాత్రి మూడింటికి, మెడ దగ్గర పసిదాని వేడి ఊపిరి తగులుతుండగా పలకడం వేరు. అంతకుముందు వందసార్లు చదివిన వచనమే. కానీ నిద్రలేని మనిషిగా అప్పుడే మొదటిసారి విన్నాను.

అలాగని క్రమం అక్కర్లేదని నేను అనడం లేదు. ఎన్నాళ్లుంటామో తెలియని ఆ ప్రయాణంలోనే దేవుడు క్రమాన్ని ఎంత వివరంగా పెట్టాడో నాలుగో అధ్యాయంలో చూడండి. గుడారం మోసే పనిని లేవీ గోత్రంలోని మూడు వంశాలకు పంచాడు. పది ఆజ్ఞల పలకలున్న పెట్టె అయిన మందసము, బల్ల, దీపవృక్షము కహాతీయుల భారం. తెరలు, కప్పులు గెర్షోనీయులవి. పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్లు మెరారీయులవి. మెరారీయులు మోయాల్సిన వస్తువులను పేరుపేరునా లెక్కపెట్టి అప్పగించమని ఉంది. పేరుపేరునా అన్నచోట నేను ఆగిపోతాను. మేకుకు కూడా ఒక మనిషి ఉన్నాడు. తర్వాతి మజిలీలో మేకు కనిపించకపోతే తెర నిలబడదు కదా.

ఇంకో సంగతి ఏడో అధ్యాయంలో ఉంది. గుడారం మోయడానికి ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు వచ్చాయి. మోషే వాటిని సమానంగా పంచలేదు. గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు ఇచ్చాడు. బరువైన పలకలు, దిమ్మలు మోసే మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు, వాళ్లు పరిశుద్ధ వస్తువులను భుజాల మీదే మోయాలి. మన ఇళ్లలో ఎక్కువ బరువు మోస్తున్న మనిషికి ఎన్ని బండ్లు ఇస్తున్నాం? చాలా ఇళ్లలో బరువు ఒకరిది, బండ్లు ఇంకొకరివి. ఈ మాట కొంచెం కటువుగా ఉన్నా అనకుండా ఉండలేను.

మా నాన్నగారు పక్షవాతంతో మంచాన పడినప్పుడు అన్నయ్య, నేను, చెల్లి ముగ్గురం దగ్గరే ఉన్నాం. ప్రేమకు లోటు లేదు. కానీ ఎవరు ఏం చూసుకోవాలో కూర్చుని మాట్లాడుకోలేదు. ఒకరోజు బీపీ మాత్ర నేను వేశాను. గంట తర్వాత చెల్లి వచ్చి అదే మాత్ర మళ్లీ వేసింది. ఆ రాత్రి మేం పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు. డాక్టర్‌కు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు తెల్లవార్లూ బీపీ చూస్తూ కూర్చున్నాం. దేవుని కృప వల్ల గండం గడిచింది.

మర్నాడు ఒక రూళ్ల నోట్‌బుక్ కొని, పెన్నుకు దారం కట్టి మంచం పక్కన వేలాడదీశాం. ఎడమవైపు టైమ్, మధ్యలో మందు పేరు, కుడివైపు వేసినవాళ్ల సంతకం. నాన్నను పక్కకు తిప్పిన టైమ్ కూడా అందులోనే రాసేవాళ్లం, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఆస్పత్రి కాగితాలు అన్నయ్యవి, పగలు చెల్లిది, రాత్రి నాది. అంతకుముందు కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే ఒకరి మీద ఒకరికి కోపమే తప్ప నోట మాట వచ్చేది కాదు. ఆ నోట్‌బుక్ వచ్చిన వారానికి మళ్లీ కలిసి పాట పాడగలిగాం. "సమస్తమును మర్యాదగాను క్రమముగాను జరుగనియ్యుడి" అని పౌలు కొరింథీయులకు రాసింది సంఘ ఆరాధన గురించి. రోగి మంచం దగ్గర కూడా అది ఎంత అవసరమో నాకు ఆ ఏడాది తెలిసింది.

ఇక వయసు సంగతి. లేవీయులు యాభై ఏళ్లు రాగానే బరువు పని మానాలని సంఖ్యాకాండము ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. మానాక ఇంటికి పొమ్మనలేదు. తమ సహోదరులకు తోడుగా ఉండి, కావలి కాయడంలో సాయం చేయమంది. సంఘంలో ఏళ్ల తరబడి ఒకే బాధ్యతను పట్టుకుని, వదిలితే తమకు విలువ ఉండదేమోనని భయపడే పెద్దలంటే నాకు జాలి, గౌరవం రెండూ ఉన్నాయి. వాళ్ల అనుభవం సంఘానికి కావాలి. కానీ బరువు చిన్నవాళ్ల భుజాలకు మార్చకపోతే, పెద్దలు ఉండగానే నేర్చుకునే అవకాశం వాళ్లకు పోతుంది.

తర్వాతి కాలంలో దావీదు రాజు ముసలితనంలో లేవీయులను లెక్కపెడితే ముప్పై ఏళ్లు దాటినవాళ్లు 38,000 మంది. యెరూషలేములో మందిరం రాబోతోంది, గుడారాన్ని ఇక మోయాల్సిన పని లేదు. తరతరాలుగా మోయడమే పనిగా ఉన్నవాళ్లకు అప్పుడు కొత్త పని అప్పగించారు. మందిర సేవలో సాయం చేయడం, ఉదయం సాయంత్రం నిలబడి యెహోవాను స్తుతించడం. మొదటి దినవృత్తాంతములు 23వ అధ్యాయంలో ఉంది, ఉద్యోగం నుంచి రిటైరైన వారు ఇంటికి వెళ్లి తప్పకుండా చదవండి.

ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు అనే భక్తుడు తన మఠానికి ఒక నియమావళి రాశాడు. అందులో చలికాలానికి ఒక వేళ, వేసవికి ఒక వేళ ఉంది. వృద్ధులకు, పిల్లలకు భోజన నియమాల్లో సడలింపు ఉంది. 150 కీర్తనలూ వారంలో పాడాలని వరుస వేసిచ్చి, ఇంతకంటే మంచి వరుస ఎవరికైనా తోస్తే అలాగే చేసుకోండి, కీర్తనలన్నీ మాత్రం వారంలో పూర్తి కావాలి అన్నాడు. మఠంలోని పాత్రలను, సామాన్లన్నిటినీ బలిపీఠం మీది పాత్రల్లాగే చూసుకోమని సామాన్లు చూసే సన్యాసికి చెప్పాడు. అది చదివాక నా అల్మారా తలుపు తీస్తుంటే చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

అల్మారా అన్నాను కాబట్టి ప్రసంగి దగ్గరికి వస్తాను. "దాచుకొనుటకు పారవేయుటకు" సమయం ఉందన్నాడు. పెద్దవాళ్లయిపోయిన పిల్లల చిన్నప్పటి బట్టలు, ఎప్పుడో మానేసిన కోర్సు పుస్తకాలు, ఇవి ఇంకొకరికి పనికొస్తాయి, ఇచ్చేయండి. కానీ ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారిని మాత్రం దయచేసి తొందరపెట్టకండి. "ఇంకా ఆయన చొక్కాలు ఉంచావా?" అని అడగకండి. ఏడ్వడానికి కూడా సమయం ఉందని అదే అధ్యాయం చెబుతోంది. ఆ కాలం ఎప్పుడు తీరిందో ఆ మనిషికే తెలుస్తుంది. తీరిన రోజున, యొర్దాను దాటినప్పుడు యెహోషువ నది మధ్య నుంచి 12 రాళ్లు తెప్పించి గుర్తుగా నిలబెట్టినట్టు, కొన్ని ఉంచుకుంటే చాలు. మా నాన్న వస్తువుల్లో నేను ఉంచుకున్నవి రెండే. ఆయన కళ్లజోడు, ఆ రూళ్ల నోట్‌బుక్.

ఇప్పుడు అందరూ 90వ కీర్తన తీయండి. మోషే చేసిన ప్రార్థన అని పైన రాసి ఉంటుంది. నలభై ఏళ్లు గుడారాలు విప్పి కట్టి, విప్పి కట్టి నడిచిన మనిషి మొదటి వచనంలో "ప్రభువా, తరతరములనుండి మాకు నివాసస్థలము నీవే" అంటున్నాడు. పన్నెండో వచనంలో మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము అని అడుగుతున్నాడు. లేచి నిలబడదాం. మొదటి వచనం నుంచి కలిసి చదువుదాం.