కబిని ఏనుగుల ప్రింట్ కొన్నాను, గోడకు తగిలించాక నా రివ్యూ

నమస్తే అండి. నా వెనకాల గోడ మీద ఏనుగులు కనిపిస్తున్నాయి కదా, అది కబిని బ్యాక్‌వాటర్స్. కర్ణాటకలో నాగరహొళె, బందీపూర్ అడవుల మధ్య ఉన్న రిజర్వాయర్. ఎండాకాలంలో నీళ్లు తగ్గి ఒడ్డంతా పచ్చిక బయటపడుతుంది, మేతకీ నీళ్లకీ ఏనుగుల మందలు అక్కడికి దిగుతాయి. ఒక్కసారి చూసొచ్చినవాళ్లు ఆ మట్టి రంగు మర్చిపోరు. ప్రింట్‌లో ఆ రంగు వచ్చిందా అన్నదే నాకు ముఖ్యం.

రెండేళ్ల కిందట నేను ఆన్‌లైన్‌లో ఒక పులి కాన్వాస్ తెప్పించాను, ఐదడుగుల వెడల్పు. ఫోన్‌లో చూసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. తీరా గోడకు పెడితే పులికి మీసాలే లేవు, ఆ చోట తెల్లటి మసక. పైగా సాయంత్రం ఎండ నేరుగా పడే గోడ, ఏడాది తిరిగేసరికి రంగు వెలిసిపోయింది. చాలా బాధేసింది.

అప్పుడు ఈ లెక్క తెలుసుకున్నాను. 24 మెగాపిక్సెల్ ఫోటో అంటే సుమారు 6000 బై 4000 పిక్సెల్స్. దాన్ని 24 బై 16 అంగుళాలకి ప్రింట్ తీస్తే అంగుళానికి 250 పిక్సెల్స్ వస్తాయి, దగ్గరగా నిలబడి చూసినా బాగుంటుంది. అదే 60 బై 40కి సాగదీస్తే వందకి పడిపోతుంది. దూరం నుంచి పర్లేదు గానీ సోఫా వెనక గోడకి వద్దు. అందుకే ఈసారి 24 బై 16 చాలనుకున్నాను.

ఇది జయనగర్‌లో ఒక ఫోటోగ్రాఫర్ దగ్గర, ఎదురుగా చూసి కొన్నాను. కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. తల్లి ఏనుగు చెవి అంచు ఎలా చిరిగి ఉందో కనిపిస్తోందా? ఇప్పుడు దాని కడుపు కింద నీడలోకి రండి. అక్కడ పిల్ల ఏనుగు ఉంది, దాని మోకాలికి అంటిన తడి మట్టి కూడా తెలుస్తోంది. నాసిరకం ప్రింట్‌లో ఈ నీడంతా నల్లటి ముద్దయిపోతుంది. మీరు కొనేటప్పుడు ముందు నీడలే చూడండి, వెలుగు ఎవరైనా బాగానే తీస్తారు.

కాటన్ పేపర్, పిగ్మెంట్ ఇంక్. మామూలు డై ఇంక్ కన్నా ఇది వెలుతురుకి ఎక్కువ కాలం ఆగుతుంది. మ్యాట్ పేపర్ కాబట్టి గ్లాసీ అంత చిక్కటి నలుపు రాదు, ఆ ఒక్కటీ నాకు కాస్త లోటు. ఫ్రేమ్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. మామూలు అద్దం వేస్తే రాత్రి ఏనుగుల బదులు ట్యూబ్‌లైటే కనిపిస్తుంది, నాన్-గ్లేర్ అడగండి. ప్రింట్‌కీ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు, అంటే ప్రింట్ చుట్టూ అంచులా పెట్టే మందపాటి అట్ట, తప్పనిసరి. లేకపోతే వానాకాలం తేమకి పేపర్ అద్దానికి అతుక్కుపోతుంది. ప్రింట్‌కి 9,000 అయితే ఫ్రేమ్‌కి 5,500 అయింది.

అద్దె ఇల్లు కదా, మేకు కొట్టడానికి ఓనర్‌ని అడిగాను. ఆయన చూడ్డానికి వచ్చి పది నిమిషాలు అలాగే నిలబడిపోయారు. మొన్న నెల్లూరు నుంచి మా అమ్మ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి, "ఒరేయ్, కింద పిల్ల కూడా ఉందిరా" అంది.