తువాలు, పళ్లెము, డోర్నకల్

శ్రోతలకు నమస్కారం.

తెలుగు క్రైస్తవులు సంఘంలో చేసే పనినంతటినీ 'పరిచర్య' అంటారు. ప్రసంగించేవారిది వాక్య పరిచర్య, ఖైదీలను దర్శించేవారిది చెరసాల పరిచర్య. పక్కన నిలబడి ఎదుటివారికి కావలసినది అందించడమే ఆ మాటకు మొదటి అర్థం. అది పనివాని మాట. వాడుకలో అరిగిపోవడం వల్లనే కాబోలు, గోడపత్రికల మీద ఆ మాట పక్కన నాయకుని నిలువెత్తు ఫొటో కనిపించినా మనకు వింతగా తోచదు.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఈ మాట కళ్ళకు కడుతుంది. యూదుల పస్కా పండుగకు ముందు, భోజనపు పంక్తిలో నుండి యేసు లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, నడుముకు తువాలు కట్టుకొని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడగసాగాడు. దుమ్ము దారుల్లో నడిచి వచ్చిన వారి కాళ్ళు కడగడం ఆ దేశంలో దాసుల పని. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం అక్కడ అడ్డు చెప్పిన పేతురు. నా పాదాలు నీవెన్నడూ కడగరాదని అతడు పట్టుబట్టాడు. దానిని మనం భక్తి అనుకుంటాం. కాని గురువు ఎత్తులోనే ఉండాలని కోరే శిష్యునికి అందులో ఒక వెసులుబాటు కూడా ఉంది: గురువు పీఠం మీద ఉన్నంతకాలం తాను తోటివాని కాళ్ళ దగ్గర కూర్చోనక్కరలేదు. పేతురు మనసులో ఆ లెక్క ఉన్నదో లేదో గాని, కడగడం ముగించి మళ్ళీ పంక్తిలో కూర్చున్న యేసు నేరుగా ఆ సంగతికే వచ్చి, మీరు కూడా ఒకరి పాదాలు ఒకరు కడగవలసినదే అన్నాడు.

నేడు అనేక సంఘాలలో పవిత్ర గురువారం నాడు ఈ ఘట్టాన్ని ఆచరిస్తారు. కడిగించుకొనేవారు ఇంటి దగ్గరే కాళ్ళు శుభ్రంగా కడుక్కొని వస్తారు కనుక పాస్టరు గారికి పెద్ద శ్రమ ఉండదు. ఆచారంగా అది అందమైనదే.

ఆచారం దాటి ఈ మాటను బతికి చూపినవారిలో తెలుగు నేలకు బాగా దగ్గరైన వ్యక్తి ఒక తమిళుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో, ఒక పల్లె సంఘపు గురువు, అంటే పాస్టరు, ఇంట జన్మించారు. క్రైస్తవ యువజన సంస్థ అయిన వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా పనిచేస్తూ, భారతీయుల ధనంతో, భారతీయుల చేతనే సువార్త పని జరగాలని 1903లో తోటివారితో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ సంస్థ ఎంచుకొన్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇతరులను పంపే స్థానంలో ఉన్న మనిషి 1909లో ఆ ఉద్యోగం వదిలి, తానే అక్కడికి వెళ్ళి, ముప్పై అయిదేళ్ళ వయసులో పరాయి భాష అయిన తెలుగును నేర్చుకోవడానికి కూర్చున్నారు. నాయకుడు తిరిగి విద్యార్థి కావడం, పల్లెజనం ఎదుట తప్పుగా మాట్లాడి దిద్దించుకోవడం, నా దృష్టిలో పాదాలు కడగడం కంటె చిన్న పని కాదు.

మరుసటి ఏడు, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. మీరు పేదల కోసం మీ ఆస్తిని ఇచ్చారు, ప్రాణాలను సైతం ఇచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అని పాశ్చాత్య మిషనరీలను అడిగారు. సభలో కొందరికి ఆ మాట మింగుడుపడలేదు. వినయమంటే నోరు మెదపకపోవడమని అనుకొనేవారికి ఈ ఘట్టం కొంత ఇబ్బంది కలిగించక తప్పదు.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండు సంఘపు సంప్రదాయానికి చెందిన సంఘానికి, తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. పైవారి నుండి స్నేహాన్ని కోరిన మనిషి కింద నిలబెట్టబడినవారికి దానిని ఇస్తారా? ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ పల్లెల కూలిజనం, ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వనివారు. ఎద్దుబండి మీద ఆ పల్లెలకు తిరిగి, వారితో గడిపి, వారిలో నుండే ఉపదేశులను, గురువులను తయారుచేయడానికి ఆయన తన కాలమంతా వెచ్చించారు. గుమ్మటాలతో, ఈ దేశపు శిల్పరీతులతో కట్టిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ 1939లో గాని జరగలేదు. అప్పటికి ఆయన బిషప్పై ఇరవై ఆరేళ్ళు దాటింది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆయన పెట్టిన పద్ధతులలో ఒకటి నాకు మరువరానిది. బాప్తిస్మం పొందిన ప్రతివారూ, స్త్రీ అయినా పురుషుడైనా, చదువు వచ్చినా రాకపోయినా, తన చేతిని తన తలమీద ఉంచుకొని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే అయ్యో నాకు, అన్న అపొస్తలుడు పౌలు మాటను పలకాలి. గురువులకు పట్టం కట్టే వేళ తలమీద చేతులుంచేవారు బిషప్పులు. డోర్నకల్ పల్లెల్లో, చెరువు గట్టున తడి బట్టలతో నిలబడిన కూలిమనిషి తలమీద ఉన్నది మాత్రం అతని సొంత చెయ్యే. బిషప్పు గారు పక్కన నిలబడి వింటున్నారు.