గొడవ లేనప్పుడే కూర్చోవాలి

శ్రోతలకు నమస్కారం. రెండు మతాలవాళ్ళు గొడవ రాకముందే కూర్చుని మాట్లాడుకోవడం ఎలాగో ఇవాళ చెప్పుకుందాం.

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో భివండి అనే ఊరుంది. సాంచాల ఊరు, అంటే మరమగ్గాల ఊరు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ముస్లిం నేతపనివారు, తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన మన పద్మశాలీలు, మరాఠీవాళ్ళు, గుజరాతీ, మార్వాడీ వ్యాపారులు అందరూ ఆ మగ్గాల చప్పుడు మధ్యనే బతుకుతారు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే పేటను పద్మానగర్ అంటారు. నూలు ఒకరిది, సాంచా ఒకరిది, నేసే చెయ్యి ఇంకొకరిది. ఒకరు లేనిదే ఒకరికి పూట గడవని అలాంటి ఊరు 1970 మే నెలలో ఒకసారి, 1984 మే నెలలో మరోసారి మతకల్లోలాల్లో తగలబడిపోయింది.

1970 అల్లర్లు శివాజీ జయంతి ఊరేగింపు నాడు మొదలయ్యాయి. వాటిపై విచారణ జరిపిన జస్టిస్ మదోన్ కమిషన్ చాలా వివరంగా నివేదిక ఇచ్చింది. అందులోని తగాదాలు చూస్తే, ఊరేగింపు ఏ దారిన వెళ్ళాలి, మసీదు ముందు గులాల్ రంగు చల్లొచ్చా, ఏ నినాదాలు ఇవ్వొచ్చు అన్నవే. ఇవన్నీ ముందే కూర్చుని తేల్చుకోగల విషయాలు. వ్యాపారంలో రోజూ మాట్లాడుకున్నంత మాత్రాన మనుషులు వీటి గురించి మనసు విప్పి మాట్లాడుకుంటారని లేదు. బేరసారాల్లో కలవడం వేరు, ఒకరి భయం ఒకరికి చెప్పుకోవడం వేరు.

1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి అక్కడికి డిప్యూటీ పోలీస్ కమిషనర్ (డీసీపీ)గా వచ్చారు. అప్పటిదాకా శాంతి కమిటీలంటే ఊరి పెద్దలు, నాయకులు పండగ ముందు రోజు పోలీస్ స్టేషన్‌కు వచ్చి, టీ తాగి, మేమంతా అన్నదమ్ములం అని చెప్పి వెళ్ళిపోవడమే. ఆయన పేటపేటకూ మొహల్లా కమిటీ పెట్టించారు. హిందువులు, ముస్లింలు సరిసమానం. మామూలు మనుషులకే పెద్దపీట. ఆ పేట బాధ్యత చూసే పోలీసు సిబ్బంది కూడా వాళ్ళతోపాటు కూర్చునేవారు. ఫిర్యాదు లేకుండా, కేసు లేకుండా పోలీసు ముఖం చూడటం చాలామందికి అదే మొదటిసారి. 1992 డిసెంబరులోనూ, 1993 జనవరిలోనూ పక్కనే ఉన్న ముంబైలో మతకల్లోలాల్లో దాదాపు 900 మంది చనిపోతే, భివండి ప్రశాంతంగా ఉంది. ఆ తర్వాత ముంబైలోనూ మాజీ పోలీసు అధికారి జూలియో రిబేరో వంటివారు పూనుకుని మొహల్లా కమిటీల ఉద్యమం నడిపారు.

ఈ పద్ధతిలోని అసలు బలం సమయంలో ఉంది. పుకారు పుట్టిన రాత్రి కొత్తగా పరిచయం చేసుకుంటే పని జరగదు. ఫోన్ ఎత్తగానే గొంతు గుర్తుపట్టేంత పరిచయం అంతకు ముందే ఉండాలి.

ఇక సంభాషణ ఎలా నడపాలో చూద్దాం. ఒక్కో బృందంలో పది నుంచి పదిహేను మంది చాలు. అంతకు మించితే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్ళు చూస్తూ కూర్చుంటారు. నడిపేవాళ్ళు ఇద్దరుండాలి, ఒక్కో వర్గం నుంచి ఒక్కరు. చోటు గుడీ కాకూడదు, మసీదూ కాకూడదు. బడి గదో, కారఖానా వసారానో నయం. వేదిక, మైకు, పూలదండలు వద్దు. మైకు పెట్టారంటే ఉపన్యాసాలు మొదలవుతాయి. అందరినీ ఒకచోట కూర్చోబెట్టే ముందు ప్రతి వర్గాన్నీ విడిగా కలవాలి. లోపల మంట ఎంతుందో, ఎవరికి ఎవరి మీద పాత పగ ఉందో అక్కడే తెలుస్తుంది. ఈ మెట్టు వదిలేస్తే మొదటి సమావేశమే ఆఖరిదవుతుంది.

కూర్చున్నాక ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇవ్వండి. మధ్యలో ఎవరూ అడ్డుపడకూడదు. ఒకరు మాట్లాడాక, ఎదుటి పక్షం మనిషి ఆ మాటను తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పినవాడు "ఔను, నేనన్నది ఇదే" అన్నాకే జవాబు. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ, సగం కోపం ఇక్కడే దిగుతుంది. నన్ను విన్నారు అనిపించడం మనిషికి చాలా పెద్ద విషయం.

ఒక ఊరేగింపు తగాదానే తీసుకోండి. "మా తాతల నాటి దారి, అక్కడి నుంచే వెళ్తాం" అని ఒకరు. "మసీదు ముందు నుంచి రానివ్వం" అని మరొకరు. ఈ రెండు వాక్యాల మధ్య బేరం కుదరదు. "ఆ దారిలో వెళ్ళకపోతే ఏమవుతుంది?" అని అడగండి. "తగ్గిపోయామని నవ్వుతారు" అంటారు. రెండో పక్షాన్ని "వస్తే మీకు దేనికి భయం?" అని అడగండి. నమాజు వేళ డప్పులు మోగడం, గుంపు ఇళ్ళ ముందు ఆగిపోవడం, తాగిన కుర్రాళ్ళు, లోపల ఆడవాళ్ళు, పిల్లలు. ఒకరిది పరువు, ఇంకొకరిది భద్రత. రెండూ నిలబడే దారి దొరుకుతుంది: దారి అదే, కానీ నమాజు వేళ తప్పించి. మసీదు ఉన్న మలుపు నుంచి తర్వాతి మలుపు దాకా ఊరేగింపు ఆగదు, డప్పు మోగదు. రెండు వర్గాల వలంటీర్లు కలిసి ముందూ వెనకా నడుస్తారు. ఈ మాటలన్నీ కాగితం మీద పెట్టాలి. ఎన్ని గంటలకు, ఏ మలుపు నుంచి ఏ మలుపు దాకా, ఎవరి బాధ్యత, వాళ్ళ ఫోన్ నంబర్లు. "సంయమనం పాటించాలి" అని రాస్తే ఏమీ రాయనట్టే.

శబ్దం విషయంలో చట్టం కొలబద్దగా పనికొస్తుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. మామూలుగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు ఉండకూడదు. ఒకే కొలత గుడి మైకుకూ, మసీదు మైకుకూ, డీజే బండికీ పెడితే ఎవరూ పక్షపాతం అనలేరు.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే, ఎప్పుడూ అవే పది ముఖాలు. రాళ్ళు విసిరే వయసు కుర్రాళ్ళు గదిలో ఉండరు. పుకారును ఇంటింటికీ మోసేదీ, ఇంటి గుమ్మంలోనే ఆపేదీ ఆడవాళ్ళే అయినా వాళ్ళను పిలవరు. పిలిచినా పదిమంది మగవాళ్ళ మధ్య ఒక్కరిని కూర్చోబెడతారు. కనీసం నలుగురు లేకపోతే వాళ్ళు నోరు తెరవరు. వలస వచ్చినవాళ్ళున్న ఊళ్ళో భాష ఇంకో చిక్కు. చర్చంతా మరాఠీలోనో హిందీలోనో నడిస్తే, సాంచా మీద పనిచేసే మన తెలుగు మనిషి తలూపి వెళ్ళిపోతాడు. ఆ తలూపడాన్ని ఒప్పుకోలుగా రాసుకుంటారు. వాక్యం వాక్యం తిరిగి చెప్పే మనిషిని పెట్టాలి, సమయం రెట్టింపు పట్టినా సరే.

ఇంకొక పెద్ద లోపం భివండిలోనే బయటపడింది. 2006 జులైలో అక్కడ ఒక పోలీస్ స్టేషన్ కట్టబోయారు. ఆ స్థలం శ్మశానానిదని ముస్లింలు అడ్డుచెప్పారు. గొడవ ముదిరి పోలీసు కాల్పుల్లో ఇద్దరు, గుంపు చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్ళు ప్రాణాలు కోల్పోయారు. అక్కడ తగాదా రెండు మతాల మధ్య కాదు, పోలీసులకూ ఒక వర్గానికీ మధ్య. పోలీసే పక్షమైనచోట పోలీసు మధ్యవర్తిగా కూర్చోలేడు. అలాంటప్పుడు నడిపించడానికి ఇరుపక్షాలూ నమ్మే డాక్టరో, బడి పంతులో, రిటైరైన జడ్జో ముందే సిద్ధంగా ఉండాలి. మొత్తం బరువు ఒక్క మంచి అధికారి మీద పెడితే, ఆయన బదిలీ అయిన రోజు నుంచీ కమిటీ సడలిపోతుంది. అందుకే తేదీ మనిషి మీద ఆధారపడకూడదు. నెలకొకసారి, ఫలానా ఆదివారం అని ఖాయం చేసుకోవాలి.

మీ పేటలో మొదలుపెట్టాలనుకుంటే, మొదటి రెండు మూడు సమావేశాల్లో మతం ఊసెత్తకండి. నల్లా నీళ్ళు, మురుగు కాలువ, వీధి దీపాలు పట్టుకోండి. రెండు వర్గాల మనుషులూ కలిసి మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి ఒక దీపం వేయించుకుని రావాలి. పండగల క్యాలెండరు ఆ తర్వాతి సమావేశంలో బయటకు తీయండి. ఏ రెండు పండగలు ఒకే వారంలో పడుతున్నాయో ముందు చూడండి, వాటికి కనీసం నెల రోజుల ముందే తేదీ పెట్టుకోండి.