ఆశ్రమంలో వేసే ముందు ఒక ఫైల్ పెట్టండి

(తెర మీద: ఊరి వీధి, అరుగు మీద కూర్చున్న నలుగురు పెద్దలు. ముఖాలు చూపించొద్దు.)

యాంకర్:
నమస్తే. ఇంటి పెద్ద పోయాడు. దినాలు అయిపోయాయి. చుట్టాలు సంచులు సర్దుకుంటుంటే అరుగు మీద ఒక మాట నడుస్తుంది. "ఇద్దరు పోరగాండ్లను ఆమె ఒక్కతే ఎట్ల సాకుతది? ఏదన్న ఆశ్రమంల ఎయ్యండి, తిండన్న పెడ్తరు."

నారాయణపేటలో అయినా, దేవరకొండ దిక్కు తండాల్లో అయినా ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఆ పిల్లల పెద్దనాయనో, మేనమామో అయి ఉంటారు. కానీ 2015 బాలల న్యాయ చట్టం చెప్పే వరస వేరు. పిల్లల్ని ఏదైనా సంస్థలో పెట్టడం ఆఖరి దారి. ముందు తల్లి దగ్గర, ఆమె లేకపోతే అవ్వాతాతల దగ్గరో మేనమామ దగ్గరో ఉండే వీలుందా అని చూడాలి. ఆ ఇంటికి ఆసరాగా ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఒకటుంది. ఈ వీడియో దాని గురించే.

(తెర మీద: పిల్లల కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ సాయం. పిల్లవాడికి నెలకు రూ. 4,000)

ఒంటరి మహిళల ఆసరా పింఛను గురించి ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఈ నాలుగు వేల గురించి తెలిసినవాళ్లు మాత్రం నాకు తక్కువే కనిపించారు. భర్త చనిపోయిన తల్లి, విడాకులు తీసుకున్న తల్లి, భర్త వదిలేసిన తల్లి, వీళ్ల పిల్లలకు వస్తుంది. అమ్మానాన్న ఇద్దరూ లేక బంధువుల ఇంట్లో పెరిగే పిల్లలకు వస్తుంది. తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బు చేసినా, ప్రమాదంలో మంచాన పడినా అడగొచ్చు. ఊళ్లో ఉండే కుటుంబం ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, పట్నంలో అయితే 96,000. పిల్లవాడికి పద్దెనిమిది నిండేదాకా ఇవ్వొచ్చు. కాకపోతే బడి మానకూడదు.

అర్హత ఉన్న ప్రతి ఇంటికీ వెంటనే వస్తుందని మాత్రం నేను ఆశ పెట్టను. నిధులుండాలి, జిల్లాలో ఇందుకోసం ఉన్న కమిటీ మంజూరు చేయాలి. అందుకే ఫైల్ ఎంత తొందరగా లోపలికి వెళ్తే అంత మంచిది.

(తెర మీద: బల్ల మీద కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, బడి ఇచ్చే బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్, మరణ ధ్రువపత్రం)

వీటిలో చాలావరకు మీసేవలోనూ బడిలోనూ దొరుకుతాయి. వలస పనికి పోయే పాలమూరు వాళ్లకు అసలు చిక్కు చివరి కాగితం, అంటే మరణ ధ్రువపత్రం దగ్గరే.

ఒక ఉదాహరణ చెప్తాను. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట పుణె పోయిన మనిషి బిల్డింగ్ మీది నుంచి పడి చనిపోయాడు. రాత్రికి రాత్రి అంబులెన్స్‌లో శవాన్ని ఊరికి తెచ్చారు, పొద్దున మట్టి చేశారు. ఆ దుఃఖంలో అక్కడి కాగితాల సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆర్నెల్ల తర్వాత భార్య పంచాయతీ ఆఫీసుకు పోతే కార్యదర్శి అంటాడు: "అమ్మా, ఆయన ఈ ఊర్ల సావలే గద, నేనెట్ల ఇస్త?"

విసుక్కోకండి, ఆయన చెప్పింది నిజమే. మరణాన్ని జరిగిన చోటే నమోదు చేయాలి, సొంతూర్లో కాదు. కాబట్టి పుణెలో పోతే అక్కడి కార్పొరేషన్ నుంచే పత్రం రావాలి. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. ఆ తర్వాత ఆలస్య రుసుము పడుతుంది. ఏడాది దాటిందంటే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, ఇక తిప్పలే. అందుకని శవం వెంట వచ్చిన కాగితం ఏదైనా సరే, ఆస్పత్రి చీటీ కానీ, పోస్టుమార్టం రిపోర్టు కానీ, పోలీసులిచ్చిన కాపీ కానీ పారేయొద్దు. మేస్త్రీ నంబరు రాసిపెట్టుకోండి. మళ్లీ పనికి పోయేది ఆయనే, అక్కడి ఆఫీసుకు పోయి అడగగలిగేదీ ఆయనే.

(తెర మీద: 1098)

ఫైల్ ఇవ్వాల్సింది జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. నారాయణపేట వాళ్లు మహబూబ్‌నగర్ దాకా, సూర్యాపేట వాళ్లు నల్లగొండ దాకా పోనక్కర్లేదు, ఎవరి జిల్లాలో వాళ్లకు ఉంది. ఎక్కడో తెలియకపోతే అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇప్పుడు ఆ ఆశ్రమం సంగతి. గురుకులం, కస్తూర్బా చదువు కోసం, వాటి గురించి కాదు నేను మాట్లాడేది. ఎవరో ట్రస్టు పేరుతో బండి వేసుకుని వచ్చి, "మేం చదివిస్తాం" అని పిల్లల్ని ఎక్కించుకుపోతారు చూడండి, దాని గురించి. దిక్కులేని పిల్లల్ని ఉంచుకునే ఏ గృహమైనా బాలల న్యాయ చట్టం కింద రిజిస్టర్ కావాలి. కాకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గకుండా జరిమానా, లేదా రెండూ. అలాంటి పిల్లవాణ్ని అక్కడ ఉంచాలా వద్దా అని తేల్చేది బాలల సంక్షేమ కమిటీ. బండివాడు కాదు, సర్పంచూ కాదు.

ఇంట్లోనే కొట్టి హింసిస్తున్నా, లైంగికంగా వేధిస్తున్నా, పెళ్లి చేసేస్తామంటున్నా లెక్క వేరు. అప్పుడు కుటుంబం, కుటుంబం అని పట్టుకు వేలాడకూడదు. 1098 కానీ 112 కానీ, ఏదో ఒకటి వెంటనే చేయండి. దొరికిన పిల్లల్ని 24 గంటల్లో కమిటీ ముందుకు తేవాలి. గృహానికి పంపాలా, వేరే కుటుంబం సంరక్షణలో ఉంచాలా అన్నది వాళ్లు చూస్తారు.

ఇంకోటి. మూడో ఆడపిల్ల పుట్టిందని నర్సో, తెలిసినామెనో మధ్యలో పెట్టి డబ్బులకు ఇచ్చేయడం నల్లగొండ తండాలకు చెడ్డపేరు తెచ్చింది. బాండు పేపర్ రాసుకున్నా అది అమ్మకమే. ఐదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష జరిమానా. ఆస్పత్రి వాళ్లే చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. నిజంగా సాకలేని తల్లి కమిటీ ముందు బిడ్డను అప్పగించొచ్చు. అది నేరం కాదు. మనసు మార్చుకుని వెనక్కి తీసుకోవడానికి రెండు నెలల గడువు కూడా ఉంటుంది.

(తెర మీద: దరఖాస్తు కాపీ మీద పడుతున్న ఆఫీసు ముద్ర)

దరఖాస్తు ఇచ్చాక మీ కాపీ మీద తారీఖు, ముద్ర వేయించుకోండి. ఏదైనా తక్కువైందంటే ఏం తక్కువో కాగితం మీద రాసివ్వమనండి. తర్వాత సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. ఫ్రిజ్ పక్కింట్లో దాచాల్సిన పనిలేదు, పిల్లకు చిరిగిన గౌను తొడగాల్సిన పనీ లేదు. అప్పు ఎంతుందో, కూలి ఎన్ని రోజులు దొరుకుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి. పిల్లతో విడిగా మాట్లాడాలంటారు, మాట్లాడనివ్వండి. గడప దగ్గర నిలబడి జవాబులు అందించకండి.